దుప్పట్లో సూదులుండవట

సూది గుచ్చుకోగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి తిట్టు ఇక్కడ రాయడానికి కుదరదు. రెండోదీ కుదరదు. మూడోదానికి నోరు తెరిచేలోపు మా తోడికోడలు మోచేత్తో నా డొక్కలో పొడిచి, "మెల్లగా అక్కా, ఆయన వింటాడు" అంది.

"విననీ! వినాలనేగా అరుస్తున్నది!"

ఆయనంటే మా సూపర్‌వైజరు. మేం పనిచేసేది ఓ పెద్దాస్పత్రి నేలమాళిగలో ఉన్న లాండ్రీలో. పైన ఆరంతస్తుల్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరి కడుపు కోసినా ఆ దుప్పటి చివరికి మా బల్ల మీదికి రావాల్సిందే. తొమ్మిదిమంది ఆడవాళ్ళం ఉన్నాం. ట్రాలీల్లో వచ్చిన మూటలు విప్పి, రక్తం మరకలున్నవి ఒక గుట్ట, లేనివి ఒక గుట్ట, దిండు గలీబులు ఇంకో గుట్టగా చేత్తోనే వేరు చేస్తాం. ఆ తరవాతే అవి మిషన్లలోకి వెళ్తాయి. చేతులకి ఉల్లిపొరలాంటి గ్లౌజులిస్తారు. మధ్యాహ్నం దాకా చిరక్కుండా ఉంటే అదే పదివేలు.

మూటల్లో దొరకని వస్తువు లేదు. చెంచాలు, కళ్ళజోళ్ళు, జడపిన్నులు. ఒకసారి పళ్ళసెట్టు దొరికితే, మాలో అందరికంటే పెద్దావిడ, ఇస్త్రీ పెద్దమ్మ అంటాం, దాన్ని శుభ్రంగా కడిగి ఆరంతస్తులూ ఎక్కి, బోసినోరు కనిపించిన ప్రతి ముసలాయన్నీ అడిగి మరీ ఇచ్చి వచ్చింది. ఇలాంటివన్నీ పుస్తకంలో రాస్తాం. సూది దొరికితే మాత్రం రాయం. బల్ల కింద పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. ఎవరికి దొరికినా ఉలుకూ పలుకూ లేకుండా అందులో వేసి మూత పెట్టడం మా పద్ధతి. వేలికి గుచ్చుకుంటే గట్టిగా ఒత్తి రక్తం పిండి, బ్లీచింగ్ నీళ్ళ బకెట్లో ముంచి, మళ్ళీ పనిలో పడాలి. తేలు కుట్టిన దొంగల్లా ఉండేవాళ్ళం. ఎవరమూ ఏ దొంగతనమూ చేయలేదు, కుట్టింది మాత్రం తేలే.

ఈ మౌనవ్రతానికి కారణం గోడ మీదున్న బోర్డు. "ప్రమాదాలు: సున్నా. రోజులు:" అని రాసి, పక్కన రోజూ పొద్దున్నే సూపర్‌వైజరు తన చేత్తో అంకె మారుస్తాడు. ఆ సున్నాని ఎంత ముద్దుగా, ఎంత గుండ్రంగా దిద్దుతాడో! అందుకే ఆయనకి మేం సున్నా సారు అని పేరు పెట్టాం. అంకె వందకి చేరితే పైనుంచి కమిటీ వస్తుంది, మా లాండ్రీకి మెచ్చుకోలు పత్రం ఇస్తుంది, మాకేమో వారం విడిచి వారం ఆదివారం సెలవు. ఆదివారం అంటే ఎలా ఉంటుందో మాలో చాలామంది మరిచిపోయి ఏళ్ళయింది. నాకు సూది గుచ్చుకున్న రోజు బోర్డు మీద తొంభై ఏడు ఉంది.

ఇంతకు ముందు నాకు గుచ్చుకోలేదా? రెండుసార్లు గుచ్చుకుంది. రెండుసార్లూ కుక్కిన పేనులా పడి ఉన్నాను. ఈసారి మాత్రం దుప్పటి మడతలోంచి సిరంజితో సహా వచ్చింది. లోపల ఇంకా ఎర్రగా ఉంది. బొటనవేలి కండలో సగం దాకా దిగి, నేను చెయ్యి విదిలించినా ఊడిరాలేదు. రెండో చేత్తో పట్టి లాగాల్సి వచ్చింది. లాగుతుంటే పొడుగక్క గుర్తొచ్చింది. నేను నిలబడే చోట నాకంటే ముందు నిలబడ్డ మనిషి. ఓ ఏడాది ఆమె కళ్ళు పచ్చబడ్డాయి, కడుపు ఉబ్బింది, పని మానేసింది, పోయింది. ఆమె మొగుడు ఆస్పత్రి ఆఫీసుకొచ్చి అడిగితే, "ఇక్కడి నుంచే వచ్చిందని కాగితం ఏదైనా ఉందా?" అన్నారు. ఏముంటుంది? పొడుగక్క కూడా మాలాగే బకెట్లో వేలు ముంచి పనిలో పడిన మనిషే.

నేను బకెట్ దగ్గరికి వెళ్ళలేదు. కొళాయి తిప్పి సబ్బుతో కడుక్కున్నాను. దుప్పట్లు ఇవ్వడానికి మూడో అంతస్తుకి వెళ్ళినప్పుడల్లా నర్సుల గది బయట ఓ పోస్టరు చదివేదాన్ని. సూది గుచ్చుకుంటే ఒత్తకండి, పిండకండి, పారే నీళ్ళ కింద సబ్బుతో కడగండి, వెంటనే చెప్పండి అని. ఆ పోస్టరు ఆరంతస్తుల్లోనూ ఉంది. నేలమాళిగలో లేదు.

"ఎక్కడికి?" అంది తోడికోడలు, నేను గ్లౌజులు తీసి పారేస్తుంటే.

"చెప్పడానికి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. ఇస్త్రీ పెద్దమ్మ దగ్గరికొచ్చి, "ఇంకా మూడు రోజులేనే తల్లీ. ఇంతమందికి గుచ్చుకుంది, ఎవరైనా కిక్కురుమన్నారా? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అంది.

"ఈసారి ఆ కంద నేనే పెద్దమ్మా. నాకు బాగా దురదగా ఉంది."

తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది. ఆమె మా మరిది పెళ్ళాం. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కుతాం, ఒకే బల్ల దగ్గర నిలబడతాం. ఆమెకి నాలుగేళ్ళ కూతురు. ఆదివారాల మీద అందరికంటే ఎక్కువ ఆశపెట్టుకున్నది తనే. "నీకు దణ్ణం పెడతానక్కా, వద్దు" అంది. నేను చెయ్యి విడిపించుకున్నాను. ఆమె మొహం చూస్తే కోపమే కనిపించింది. నాకు కనిపించింది అంతే.

సున్నా సారు గది అద్దాల గది. లోపల ఫ్యాను, బల్ల, బల్ల మీద పేపర్‌వెయిట్లు నాలుగు. కాగితాలు ఎగిరిపోయేంతగా ఆ ఫ్యాను ఎప్పుడూ తిరగదు, అయినా నాలుగున్నాయి. నేను బొటనవేలు చూపించి విషయం చెప్పి, ఫారం ఇవ్వమన్నాను. ఆయన సొరుగులోంచి ఫారం తీశాడు గానీ నాకివ్వలేదు, నా వైపు తిప్పి చూపించాడు.

"చదవడం వచ్చుగా? గాయపడినవారు: డాక్టరు, నర్సు, ల్యాబు, విద్యార్థి. నాలుగే గళ్ళు. లాండ్రీ ఉందా?"

"లేకపోతే రాయండి."

"నువ్వు చెప్తే రాసేస్తారా? అసలు దుప్పట్లో సూదులుండవు. ప్రతి మూటనీ వార్డులో చూసి, చీటీ కట్టి, సంతకం పెట్టాకే కిందికి పంపుతారు. నీకు గుచ్చుకున్న మూటకి చీటీ ఉందా లేదా?"

"ఉంది."

"సంతకం?"

"ఉంది."

"మరింకేం? సూది ఎలా ఉంటుంది?"

"అయితే నాకు గుచ్చుకున్నది సంతకమా సార్?"

ఆయనకి నవ్వు రాలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. ఆయన అరిస్తేనే నయం, మెత్తగా మాట్లాడితేనే నాకు భయం. "చూడమ్మా, నీ మంచికే చెప్తున్నా. మూడంటే మూడు రోజులు. నీ వల్ల ఎనిమిదిమంది ఆదివారాలు పోతే వాళ్ళు నిన్ను బతకనిస్తారా? వంద దాటనీ. నూట ఒకటో రోజు నేనే దగ్గరుండి రాయిస్తా."

"ఆ సూదిలో ఏ వైరస్ ఉందో నాకు తెలీదు సార్. ఉంటే గనక దానికి మీ బోర్డు చదవడం రాదు."

తలుపు తెరుచుకుని మెట్లెక్కి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాను. వెనకనుంచి ఆయన "ఏయ్" అన్నాడు. నాకు పేరుంది, అందుకని వెనక్కి తిరగలేదు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి మా పెద్దమ్మాయి వయసుంటుంది. కళ్ళ కింద నల్లటి చారలు. నేను లాండ్రీ అని చెప్పగానే రాస్తున్న పెన్ను ఆపి, "లాండ్రీనా? మీకెలా గుచ్చుకుంది?" అంది. చెప్పాను. ఆమెకి కొత్త సంగతి. ఆరంతస్తుల వాళ్ళకీ ఇది కొత్త సంగతే. వాళ్ళ దృష్టిలో దుప్పటి పక్క మీది నుంచి తీసేస్తే మాయమవుతుంది, మర్నాడు తెల్లగా ప్రత్యక్షమవుతుంది.

"ఎవరికి వాడిన సూదో తెలుసా?"

"ఓ వార్డు మొత్తం దుప్పట్ల మూటమ్మా అది. ఎవరిదని చెప్పను?"

ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. సూది వాడిన రోగికి హెచ్ఐవి ఉంటే, అలా గుచ్చుకున్న మూడొందల మందిలో ఒకరికి అంటుకోవచ్చు. హెపటైటిస్ సి అయితే యాభైమందిలో ఒకరికి. హెపటైటిస్ బి అయితే, టీకా లేనివాళ్ళలో ముగ్గురిలో ఒకరికి దాకా. "మీరు టీకా వేయించుకున్నారా?"

"నర్సులకి వేశారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు."

ఆమె పెదవి కొరుక్కుంది. ఆ టీకా అప్పటికప్పుడే వేయించింది. మాత్రలు కూడా అక్కడే మింగించింది. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, మూడు రోజులు దాటితే మొదలుపెట్టినా లాభం ఉండదు. ఇరవై ఎనిమిది రోజులు ఒక్క పూట కూడా మానకుండా వేసుకోవాలి. తరవాత రక్తం కూడా తీసింది.

"ఇంత తొందరగా రక్తంలో ఏం తెలుస్తుందమ్మా?"

"తెలియదు. తెలియకూడదనే తీస్తున్నా. ఇవాళ మీకేమీ లేదని కాగితం మీద ఉండాలి. రేపు ఏదైనా బయటపడితే, అది ఇక్కడే వచ్చిందని మీరు చెప్పగలగాలి. ఆరు వారాలయ్యాక ఒకసారి, మూడు నెలలయ్యాక ఒకసారి మళ్ళీ తీస్తాం."

పొడుగక్కకి ఈ మాట చెప్పినవాళ్ళు ఎవరూ లేరు కదా అనిపించి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ అది నొప్పి అనుకుని నా భుజం తట్టింది. తన దగ్గర ఒక్కరోజుకి సరిపడా మాత్రలే ఉన్నాయని, మిగతావి ఆస్పత్రి మందుల గదిలోంచి రావాలంటే మా సూపర్‌వైజరు సంతకం చేసిన ఫారం కావాలని, అది రేపు మధ్యాహ్నంలోగా తెమ్మని చెప్పింది. "నేను కూడా పైవాళ్ళకి రాస్తాను. కానీ సంతకం లేకపోతే వాళ్ళు మందు ఇవ్వరు. బయట షాపుల్లో ఇవి అంత సులువుగా దొరకవు" అంది.

సాయంత్రం బస్సులో మా తోడికోడలు నా పక్కన కూర్చోలేదు. రెండు సీట్ల ముందు కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంది. నేనూ పలకరించలేదు. నాకూ రోషముంది.

మా ఆయన తాళాలు బాగుచేస్తాడు. సంగతి విని చాలాసేపు నా బొటనవేలు పట్టుకుని పాడైన తాళాన్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండాలని డాక్టరమ్మ చెప్పిన సంగతి చెప్పాను.

"జాగ్రత్తంటే?"

"అదే. దూరంగా."

"నువ్వు ఆదివారాలు కూడా ఉతుకుడికి పోతుంటే ఇప్పుడేమైనా దగ్గరగా ఉన్నామా?" అన్నాడు. నవ్వించి, తరవాత తనే కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు నేనొచ్చి మాట్లాడనా?" అన్నాడు.

"వద్దు. నా నోరు ఇంకా పనిచేస్తూనే ఉంది."

మాత్రలకి కడుపులో తిప్పుతోంది. వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి ఉండగా తోడికోడలు వచ్చింది. తన గ్లాసు తను కడుక్కుని, తన కంచం పక్కన విడిగా పెట్టుకుంది. రెండు నెలలుగా ఈ వింత మొదలైంది. తన గ్లాసు ఎవరూ ముట్టుకోకూడదు. తన కంచంలోంచి కూతురికి ఒక్క ముద్ద కూడా పెట్టదు. పిల్లని ముద్దు పెట్టుకోవడం మానేసింది, రాత్రిళ్ళు మా దగ్గరే పడుకోబెడుతోంది. మరిదితో కూడా ఏదో ఎడమొహం పెడమొహంగా ఉంటోంది. ట్రాలీల లెక్క చూసే పని తనకిచ్చాక తలకి పొగరెక్కిందనుకున్నాను. ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. ఆ రోజు కడుపులో తిప్పుడికి తోడు ఆ గ్లాసు చూసేసరికి ఒళ్ళు మండింది.

"మేమేమైనా అంటరానివాళ్ళమా? నీ గ్లాసుకి అంత మడి ఏంటి?" అన్నాను.

ఆమె గట్టు మీది నా మాత్రల పొట్లాన్నే చూసింది. తరవాత చాలా చిన్న గొంతుతో, "అక్కా, అవి రెండు నెలల తరవాత వేసుకున్నా పనిచేస్తాయా?" అంది.

నాకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. అర్థమయ్యాక, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పమన్నాను.

ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన మూటలో గుచ్చుకుందట. ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా. అప్పటికి బోర్డు మీద ముప్పై ఆరు. తన ఒక్కదాని వల్ల అందరి సెలవులూ పోతాయని నోరు కుట్టేసుకుంది. ఆ తరవాత పొడుగక్క కళ్ళే గుర్తొచ్చేవట. పొద్దున్నే అద్దంలో తన కళ్ళు పచ్చబడ్డాయేమో చూసుకునేదట. తన ఎంగిలి వల్ల పిల్లకి అంటుకుంటుందని గ్లాసు విడిగా పెట్టుకుంది. మొగుడు దగ్గరికొస్తే నెట్టేసింది, ఎందుకో చెప్పలేదు. ఆయన ఇంకేదో అనుకుని మాట్లాడటం మానేశాడు. మింగలేక కక్కలేక అరవై రోజులు!

"ఆదివారం వస్తే పిల్లతో ఉండొచ్చు అనుకున్నానక్కా. పిల్లని ముట్టుకోకుండా ఆదివారం ఏం చేసుకోను?" అని ఏడ్చింది.

నేనూ ఏడ్చాను. అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాను. పక్కనే నిలబడి, పక్క గదిలోనే పడుకుని, ఈ మనిషికి పొగరని ఊరంతా చెప్పుకున్నదాన్ని నేను. ఆమె గ్లాసు తీసుకుని, దాంట్లోనే నీళ్ళు పోసుకుని, ఆమె ఎదురుగా గటగటా తాగాను. "గ్లాసుతో రాదే పిచ్చిదానా. ముద్దుతో రాదు, ముద్దతో రాదు. ఆ మాత్రల వేళ దాటిపోయింది గానీ పరీక్షకి వేళ దాటలేదు. ఉందో లేదో తెలుసుకుంటే, ఉన్నా మందులున్నాయి. రేపు నువ్వు నాతో వస్తున్నావు" అన్నాను. ఆమె తల ఊపింది గానీ ఆ ఊపులో నాకంత నమ్మకం కలగలేదు.

మర్నాడు పొద్దున్నే సున్నా సారు బోర్డు మీద తొంభై ఎనిమిది దిద్దుతున్నాడు. నేను బల్ల కింది బిస్కెట్ల డబ్బా తీసుకెళ్ళి ఆయన గదిలో, నాలుగు పేపర్‌వెయిట్ల మధ్య పెట్టి మూత తీశాను. మిగతావాళ్ళు గుమ్మం దగ్గర మూగారు.

"ఇవేంటి?" అన్నాడు.

"దుప్పట్లలో ఉండని సూదులు."

ఆయన తొంగి చూసి వెంటనే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఇవి ఇక్కడివే అని ఏంటి రుజువు? ఏ చెత్తకుప్పలోనో ఏరుకొచ్చి ఉంటారు. ఫారం ఇవ్వను. దుప్పట్లో సూదులుండవు. రాతపూర్వకంగా ఉండవు."

మధ్యాహ్నంలోగా సంతకం లేకపోతే సాయంత్రానికి నాకు మాత్ర లేదు. ఇరవై ఎనిమిది రోజుల్లో రెండో రోజే ఆగిపోతుంది. ఏమనాలో తోచక, నోరున్నదాన్నని అంత పేరున్న నేను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను.

అప్పుడు గుమ్మం దగ్గర గుంపు పక్కకి జరిగింది. మా తోడికోడలు ఓ పెద్ద మూటని నేల మీద ఈడ్చుకుంటూ లోపలికొచ్చింది. ఇంకా విప్పని మూట. రొప్పుతూ దాన్ని ఎత్తి దభీమని ఆయన బల్ల మీద పడేసింది. రెండు పేపర్‌వెయిట్లు కింద పడి దొర్లుకుంటూ పోయాయి. ఆమె ముడి విప్పి, మూట మూతి వెడల్పుగా తెరిచి, చీటీ ఆయన వైపు తిప్పింది.

"ఇప్పుడే వచ్చింది సార్. నాలుగో అంతస్తుది. చూశామని సంతకం కూడా ఉంది. చెయ్యి పెట్టండి."

"ఏంటిది?"

"సూదులుండవుగా. లోపలికి, మోచేతి దాకా పెట్టండి. ఒక్కసారి కలిపి తియ్యండి. అంతే. మేం రోజుకి నలభై మూటలు తీస్తాం, మీరు ఒక్కటి చాలు."

ఆయన మూటలోకి చూశాడు. పైన తెల్లటి దుప్పటి, దాని మీద గోధుమరంగు మరక.

"గ్లౌజులు కావాలా సార్?" అని తన చేతులవి తీసి బల్ల మీద పెట్టింది. "ఇవే. మాకిచ్చేవి ఇవే."

వెనక మిషన్లు తిరుగుతున్నాయి. బల్ల మీదున్న సున్నా సారు చేతులు మెల్లగా వెనక్కి వెళ్ళి, అంచు దాటి, ఒళ్ళోకి దిగి, అక్కడే ముడుచుకున్నాయి. పాపం, ఆయనకి తెలిసి చేసిన పని కూడా కాదది. తొమ్మిదిమందిమి చూశాం.

"సంతకాన్ని నమ్మరా సార్?" అంది తోడికోడలు.

ఆయన ఒళ్ళోంచి ఒక చెయ్యి మాత్రం పైకి తీసి, సొరుగు లాగి ఫారం తీశాడు. నాలుగు గళ్ళ పక్కన ఖాళీలో "లాండ్రీ" అని నేను చెప్పినట్టే రాశాడు. సంతకం చేశాడు. ఆయన సంతకం వంకరగా పడటం నేను చూడటం అదే మొదలు.

"ఇంకో ఫారం ఇవ్వండి" అంది తోడికోడలు.

"ఎవరికి?"

"నాకు."

మిగతావాళ్ళందరి కంటే ముందు ఇస్త్రీ పెద్దమ్మకే విషయం అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన "ఎప్పుడు గుచ్చుకుంది?" అనడిగితే తోడికోడలు తేదీ చెప్పింది, వారం చెప్పింది, మూట ఏ థియేటర్‌దో చెప్పింది, ఏ వేలో చూపించింది. "రెండు నెలల తరవాత వచ్చి చెప్తే ఎలా చెల్లుతుంది?" అని గొణిగాడు. "చెల్లదని కూడా దాని మీదే రాసి సంతకం చెయ్యండి సార్, తీసుకెళ్తా" అంది. ఆయన చెల్లదని రాయలేదు. ఊరికే సంతకం చేసి ఇచ్చేశాడు.

మేం బయటికి వస్తుంటే ఇస్త్రీ పెద్దమ్మ తడిగుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఎవరినీ అడక్కుండా తొంభై ఎనిమిదిని తుడిచేసింది. ఆదివారాలు పోయాయి. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం తమ వేళ్ళ వైపు చూసుకుంటూ ఉండిపోయారు, అది నేను చూశాను.

మందుల గదిలో నా మాత్రలు ఇచ్చారు, మిగిలిన ఇరవై ఏడు రోజులవీ. అక్కడి నుంచి తోడికోడల్ని చెయ్యి పట్టుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆమె చెప్పిందంతా విని, ఈ రెండు నెలల్లో ఏదైనా అంటుకుని ఉంటే చాలామట్టుకు పరీక్షలో తెలిసిపోతుందని, ఇంకో నెలకి మరోసారి చూస్తే పూర్తి ధైర్యమని చెప్పింది. హెపటైటిస్ సి అయితే ఇప్పుడు మూడు నెలల మాత్రలతో నయమవుతుందట. హెచ్ఐవి అయినా మందులు వేసుకుంటూ నిండు నూరేళ్ళు బతకొచ్చట. "పిల్లని ముద్దు పెట్టుకోవచ్చా?" అని మా తోడికోడలు అడిగింది. "ఇవాళే పెట్టుకోండి" అంది డాక్టరమ్మ.

ఆమెని మంచం మీద కూర్చోబెట్టారు. రక్తం తీయడానికి ఓ చిన్న నర్సు వచ్చింది. మంచి పిల్ల, చెయ్యి తేలిక. ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంది. అవతలి మంచం మీదివాళ్ళు అప్పటికే రెండుసార్లు కేకేశారు, పక్కన ఫోను మోగుతోంది. మా తోడికోడలు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నేనామె భుజం పట్టుకుని నిలబడ్డాను. రక్తం సీసాలోకి వచ్చింది. నర్సు సూది బయటికి లాగి, ఒక చేత్తో దూది అదిమి పట్టుకుని, రెండో చేత్తో సూదిని అలవాటుగా, చూడను కూడా చూడకుండా, మంచం మీది దుప్పటి మడతలో పెట్టబోయింది.

మా తోడికోడలు కళ్ళు తెరిచింది. చటుక్కున ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"అక్కడ పెట్టకమ్మా" అంది. "ఆ దుప్పటి నా దగ్గరికే వస్తుంది."

నర్సు ఆమె మొహం వైపు చూసింది. దుప్పటి వైపు చూసింది. ఫోను మోగుతూనే ఉంది. మా తోడికోడలు చెయ్యి వదల్లేదు. నర్సు మూడడుగులు నడిచి గోడకున్న డబ్బాలో సూది వేసేదాకా, మంచం మీంచి లేచి తనూ ఆ మూడడుగులు నడిచింది.